వీరవేణి ఇంట్లో చీకటి

సాయంత్రమైందంటే గోదావరి పాయల మధ్యనున్న గువ్వలంకలో ఆడవాళ్ళు చేటల్లో బియ్యం పోసుకుని, మగవాళ్ళు చిరిగిన వలలు భుజాన వేసుకుని, పిల్లలు పుస్తకాల సంచులు తగిలించుకుని వీరవేణి ఇంటికి బయల్దేరేవారు. అవతలి గట్టున కొబ్బరితోటల వెనక పొద్దు దిగుతుండగా మొదలయ్యే ఈ నడక, లంకంతా చీకటి కమ్ముకునేసరికి ముగిసేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి నడవలో చోటు దొరికేది కాదు, అరుగు మీద సర్దుకోవాలి. అరుగు మీద వెలుగు కాస్త పలచన. అక్కడ బియ్యంలో రాళ్ళు కనిపిస్తాయి గానీ సూదిలోకి దారం ఎక్కదు.

రాఘవులు గారి నూతిలో నీళ్ళు తియ్యగా ఉంటాయి, దుర్గమ్మ గేదె కొత్తవాళ్ళకి పాలివ్వదు, వీరవేణి ఇంట్లో చీకటి పడదు. లంకవాళ్ళు ఈ మూడు సంగతులూ ఒకే గొంతుతో చెప్పేవారు. బయట ఎంత అమావాస్యయినా సరే, ఆ పెంకుటింటి నడవలో, లోపలి వాకిట్లో, మధ్యగదిలో పొద్దు వాలే వేళప్పటి పసుప్పచ్చని వెలుగు తెల్లవార్లూ అలాగే నిలిచి ఉండేది. దీపం వెలుగైతే నీడలు ఊగుతాయి. ఇది ఊగదు, నిజం పొద్దే. లంకకి కరెంటు లేదు. ఏటిపాయలో పాతిన స్తంభం రెండో వరదకి ఉండదు గనక తీగ అవతలి గట్టుదాకా వచ్చి ఆగిపోయింది. కిరసనాయిలు కావాలంటే పడవెక్కి పి.గన్నవరం పోవాలి. అలాంటి చోట ఊరికే నిలిచి ఉన్న వెలుగుని కాదని ఇంట్లో చీకట్లో ఎవరు కూర్చుంటారు?

ఆ వెలుగు ఎందుకు నిలిచిపోయిందో కూడా అందరికీ తెలుసు.

గువ్వలంకలో ఒక ఆచారం ఉంది. పడవెక్కేవాళ్ళు తిరిగొచ్చే వేళ చెప్పి ఎక్కాలి. ఇంట్లోవాళ్ళు సరేనన్నట్టు ‘ఆయ్’ అనాలి. అన్నారంటే ఆ వేళ కట్టినట్టు. ఎప్పుడైనా ఏరు మనిషిని తీసుకుపోతే, పదకొండో రోజున ఆ ‘ఆయ్’ అన్నవాళ్ళే రేవులో మోకాలిలోతు నీళ్ళల్లో నిలబడి, ‘మీరు చెప్పిన వేళ విప్పేస్తున్నాను’ అని మూడుసార్లు చెప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. దాన్ని వేళ విప్పడం అంటారు. విప్పని వేళ ఎన్నాళ్ళైనా కట్టే ఉంటుంది.

తొంభై ఆరు నవంబరులో ఒక బుధవారం పొద్దున్న వీరవేణి మొగుడు శివనాగరాజు కొబ్బరికాయలు పడవకెత్తి అవతలి గట్టుకి బయల్దేరాడు. గుమ్మంలో ఆగి తలకి తువ్వాలు చుట్టుకుంటూ, “చీకటి పడేలోగా వచ్చేస్తానే. కూరేం చేస్తావు?” అన్నాడు.

“కంద బచ్చలండి.”

“ఆవ కాస్త ఎక్కువ పెట్టు.”

“ఆయ్, అలాగేనండి,” అంది వీరవేణి.

ఆ సాయంత్రం కోనసీమ మీద పడిన తుఫాను సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి తోటలకి తోటలే నేలమీద పడుకున్నాయి. వీరవేణి ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. కానీ అంత వానలో, అంత హోరులో, ఆ ఇంట్లో మాత్రం చీకటి పడలేదు. సాయంత్రపు వెలుగులోనే అత్తాకోడళ్ళిద్దరూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. శివనాగరాజు రాలేదు. అతనూ దొరకలేదు, అతని పడవ చెక్కముక్కా దొరకలేదు.

పదకొండో రోజున పెద్దలంతా రేవుకి వచ్చారు. వీరవేణి నీళ్ళల్లోకి దిగింది, నోరు తెరిచింది, మళ్ళీ గట్టెక్కేసింది.

“మా ఇంట్లో ఇంకా చీకటి పడలేదండి. ఆయనకింకా వేళుంది,” అంది.

ఆమె అత్తగారు సత్తెమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. దారి పొడుగునా ఒకటే మాట చెప్పింది: “నువ్వు విప్పేవంటే మావాణ్ణి నువ్వే పంపించేసినట్టే వేణీ. విప్పకు.”

మొదట్లో లంకవాళ్ళు ఊరుకోలేదు. దుర్గమ్మ వచ్చి పక్కన కూర్చుని బతిమాలేది, రాఘవులు గారు పెద్దరికంగా మందలించేవారు. ఇరవయ్యారేళ్ళ పిల్ల గుమ్మానికి కళ్ళప్పగించి కూర్చుంటే చూడలేకపోయారు. అలా ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోవడం ఎందుకని చేతిపని తెచ్చుకున్నారు. తల్లుల వెంట పిల్లలొచ్చారు, పిల్లల వెంట పుస్తకాలొచ్చాయి. ఆ వేసవిలో లంకలో మొట్టమొదటిసారి ఇద్దరు పదో తరగతి గట్టెక్కారు. ఆ ఏడాది తిరిగేసరికి ‘వేళ విప్పు తల్లీ’ అనేవాళ్ళు తగ్గారు. రెండో ఏడాదికి ఎవరూ అనడమే లేదు.

గువ్వలంకవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. వరదలొస్తే ఒకరి గేదెనొకరు గట్టు దాటించే మనుషులు. వీరవేణి ఇంటికి బియ్యం తక్కువ కానివ్వలేదు, పెంకులు నేయించారు, సత్తెమ్మకి జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఒక్క ఆ మాట అడగడం మాత్రం మానేశారు. అడగకపోవడంలో ఎంత సుఖం ఉందో వాళ్ళకి తెలుసు, తెలిసినట్టు కనబడకుండా ఉండడమూ తెలుసు.

వెలుగుకి ఒక చిక్కుంది. పొద్దు వాలాక వీరవేణి గడప దాటి బయటికి వస్తే ఇంట్లో వెలుగు సన్నగిల్లిపోయేది. “పిన్నిగారండీ, అక్షరాలు కనబడటం లేదండి!” అని పిల్లలు కేకేసేవారు. ఆమె లోపలికి వచ్చి కూర్చునేది. అందుకని పొద్దు వాలాక ఆమె ఎక్కడికీ పోలేదు. పుట్టినిల్లు పట్టుమని రెండు గంటల దూరం కూడా లేదు, కొత్తపేట దగ్గర. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేసేది. తల్లి కనకరత్నం మంచాన పడినప్పుడూ అంతే. ‘ఈ రాత్రికుండవే’ అని తల్లి చీర కొంగు పట్టుకుంది. పిల్లలకి పరీక్షలని చెప్పి వీరవేణి కొంగు విడిపించుకుని వచ్చేసింది. ఆ రాత్రే కనకరత్నం పోయింది.

ఇక నిద్ర సంగతి. వెలుగులో పడుకోవడం పగటివేళ అందరూ చేసే పనే. కానీ ఇది పగటి వెలుగు కాదు, ఎవరో వస్తామన్న వెలుగు. కళ్ళు మూస్తే రెప్పల కిందికి కూడా వచ్చేది. గుడ్డ కట్టుకుంటే గుడ్డ కిందా ఉండేది. చాప మీద నడుం వాల్చి, రేవులో పడవ తగిలిన చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకోవడమే తప్ప, ఆమె నిద్రపోయింది లేదు. కళ్ళకింద నల్లటి చారలు పడ్డాయి. నవ్వు ఒక వైపునుంచి మాత్రమే వచ్చేది, సగంలో ఆగిపోయేది.

రెండువేల నాలుగు వేసవిలో సత్యశ్రీ అనే అమ్మాయి లంకకొచ్చింది. అమలాపురం పిల్ల, ఇంజనీరు. తీగలు చేరని చోట ఎండతో కరెంటు తీసే పని మీద ఒక సంస్థ ఆమెని పంపించింది. నాలుగు పడవల నిండా అద్దాల పలకలు, బ్యాటరీలు దిగాయి. రాఘవులు గారు పలకల చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగారు.

“మేడంగారండీ, వీటికి ఎండే కావాలాండీ, వెలుగుంటే చాలదాండీ?”

“వెలుగున్నా ఇస్తాయండి. కాస్త తక్కువిస్తాయి, అంతే.”

“అయితే నాలుగు తీసుకెళ్ళి మా వేణి ఇంట్లో పెట్టండి. రాత్రంతా పండుతుంది.”

సత్యశ్రీ ఆశ్చర్యపడలేదు. వాళ్ళ అమ్మమ్మది ఈ లంకల వైపే, విప్పని వేళల సంగతి చిన్నప్పుడే విన్నది. “అవునండోయ్, మర్చిపోయాను,” అంది. వీరవేణి ఇంటికి వెళ్ళి నడవా, లోపలి వాకిలీ చూసుకుని, “పలకలు ఏ వైపుకి తిప్పితే బావుంటుందండీ?” అని ఒక్క ప్రశ్న అడిగింది. గుమ్మం వైపుకన్నా గోడవైపే వెలుగు ఎక్కువని సత్తెమ్మ చెప్పింది.

వీరవేణి సంతోషంగా ఒప్పుకుంది. ఇంటింటికీ దీపం వస్తే తన ఇంటితో ఎవరికీ పనుండదు, ఏదో ఒక రాత్రి తల్లి లేని ఆ ఇంటికైనా వెళ్ళి అన్నయ్య దగ్గర పడుకోవచ్చు అనుకుంది. ఆ ఊహతోనే పనివాళ్ళకి మూడురోజులు వండిపెట్టింది.

ఎండలో పెట్టిన పలకలు పగలు పనిచేశాయి, వీరవేణి ఇంట్లో పెట్టినవి రాత్రంతా పనిచేశాయి. ప్రతి ఇంటి నడవలోనూ ఒక బల్బు పెట్టారు. చీకటి పడితే దానంతటదే వెలుగుతుంది. వీరవేణి ఇంట్లోనూ పెట్టారు గానీ అక్కడ చీకటి పడితేగా. అది దూలానికి వేలాడుతూ దుమ్ము పట్టింది. రాఘవులు గారు టీవీ కొన్నారు. చేటలు, వలలు, పుస్తకాలు ఎవరిళ్ళకి వాళ్ళవి వెళ్ళిపోయాయి.

వీరవేణి ఇల్లు ఖాళీ అయింది. అంతకుముందు వెలుగుంటే మనుషులూ ఉండేవారు, దుర్గమ్మ వేళాకోళాలుండేవి, ఎక్కాలు చదివే గొంతులుండేవి. ఇప్పుడు గోడ వారగా నాలుగు పలకలు, వాటినుంచి బయటికి పోయే నల్లటి తీగ, వెలుగు, సత్తెమ్మ, తను. ఇంతే.

ఒక వెన్నెల రోజున పొద్దువాలిన కాసేపటికి ఆమె ఉండబట్టలేక రేవుదాకా నడిచింది. వెనక లంకలో బల్బులన్నీ ఎర్రబడ్డాయి. రాఘవులు గారింట్లో టీవీ బొమ్మ చిన్నదైపోయి మధ్యలో చుక్కలా నిలబడింది. ఆయన చొక్కా తొడుక్కుంటూ రేవుకి వచ్చారు. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడే మనిషి కాదు.

“అమ్మా వేణీ, గాలికొచ్చేవా? కాస్త లోపల కూర్చోవా తల్లీ, సీరియల్ వస్తోంది.”

“ఆయ్,” అని వీరవేణి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ ‘ఆయ్’ అన్నందుకు ఆమె ఆ తర్వాత చాలా రోజులు ఏడ్చింది. ఎనిమిదేళ్ళ కిందట మొగుడితో అన్న ‘ఆయ్’కి కూడా అంత ఏడవలేదు.

వర్షాకాలం ముందు సత్యశ్రీ బ్యాటరీలు చూసుకోవడానికి వచ్చి, ఆఖరి పడవ తప్పిపోయి, వీరవేణి ఇంట్లో ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న అరుగు మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. కళ్ళు మండిపోతున్నాయి.

“రాత్రంతా అటూ ఇటూ దొర్లేనండి. మీరెలా పడుకుంటారండీ ఈ వెలుగులో?”

“పడుకోనండి. నడుం వాలుస్తాను.”

“ఎన్నాళ్ళ నుంచండీ?”

“ఆయన వెళ్ళేరు కదండీ, అప్పట్నుంచే.”

సత్యశ్రీ గ్లాసు కింద పెట్టేసింది. పలకలు ఏ వైపుకి తిప్పాలో అడిగింది తప్ప, ఈ ఇంట్లో మనిషి ఎలా ఉందో తను అడగలేదు. లంకలో ప్రతి బల్బునీ వెలిగిస్తున్నది ఏమిటో తెలిసీ తీగ బిగించింది. సిగ్గుతో ఆమె మొహం మండిపోయింది. వీరవేణి మాత్రం ఏమీ జరగనట్టే, “ఇంకాస్త పొయ్యమంటారా అమ్మా?” అంది.

ఆ తర్వాత సత్యశ్రీ ఊరుకోలేదు. పక్కన రెండు లంకలున్నాయి. రెల్లులంకలో కాయలు వలిచిన కొబ్బరి డొక్కలు గుట్టలు గుట్టలుగా కుళ్ళిపోతుంటాయి. డొక్కలు కాల్చి కరెంటు తీసే మిషను ఒకటి అక్కడికి తెప్పించింది. తాటిలంక సముద్రం వైపుకి ఉంది, అక్కడ గాలికి కొదవలేదు. రెండు గాలిమరలు నిలబెట్టించింది. వీటిని, గువ్వలంక ఎండ పలకలని కలుపుతూ ఏటి అడుగునుంచి లావుపాటి తీగ వేయాలని తేలింది. మూడు లంకల పెద్దలనీ రేవులో కూర్చోబెట్టింది.

“కలపడం సరేనండి. ఎవరిదెంతో, ఎవరికెంతో ఎవరు చూస్తారండీ? రాత్రీ పగలూ కాపలా కూర్చోవాలా?” అన్నారు రాఘవులు గారు.

“దానికో పెట్టె ఉందండి. ఎక్కడ ఎక్కువుందో, ఎక్కడ తక్కువుందో క్షణక్షణం చూసుకుంటుంది. ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటుకి మళ్ళిస్తుంది. వేసవిలో కాలవకి వంతులు పెడతారు చూడండి, లాకు దగ్గర నిలబడి ఈ పూట ఈ ఆయకట్టుకి, ఆ పూట ఆ ఆయకట్టుకి అని. అలాగేనండి. కాకపోతే లాకుమనిషికి అలసటుంటుంది, దీనికుండదు.”

వంతులంటే కోనసీమలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ మాటతో అందరూ తలూపేశారు. ఆ పెట్టెకి లాకుపెట్టె అనే పేరు కూడా అక్కడే పడిపోయింది. ఫ్యాన్లు కూడా తిరుగుతాయని తెలిశాక ఇంటికో మనిషి వచ్చి తీగ దించడానికి సాయం పట్టారు. రెండు వేసవుల మధ్య ఆ పనంతా అయింది.

మరుసటి శ్రావణంలో ముసురు పట్టింది. ఒక్కరోజు కూడా ఎండ మొహం చూడలేదు. తాటిలంక గాలిమరలు ఆగకుండా తిరిగాయి, గాలి తగ్గినప్పుడు రెల్లులంకలో డొక్కలు కాలాయి. గువ్వలంకలో ఒక్క బల్బు కూడా ఎర్రబడలేదు. ముసురు తగ్గాక సత్యశ్రీ వచ్చి, మనుషుల చేత వీరవేణి ఇంట్లో పలకలు బయటికి మోయిస్తుంటే రాఘవులు గారు పరిగెత్తుకొచ్చారు.

“అవి తీసేస్తే ఎలాగండీ మేడంగారూ! రాత్రిపూట ఏం కావాలండీ మేం?”

“వీటి తీగ ముసురు పట్టిన రోజే విప్పేశానండి.”

“అదేంటండీ, మాకు తెలియలేదే?”

“తెలియకూడదనే కదండీ పెట్టె పెట్టింది. వేణి గారి ఇల్లు ఇన్నాళ్ళూ ఇచ్చేవాళ్ళల్లో ఉంది. దాన్ని తీసుకునేవాళ్ళల్లోకి మార్చేను. ఇకనుంచి మూడు లంకలూ కలిసి ఆవిడకి ఇవ్వాలండి.”

రాఘవులు గారు ఏదో అనబోయి, గుమ్మంలో నిలబడిన వీరవేణిని చూశారు. ఎన్నాళ్ళకో ఆమె మొహంలోకి సూటిగా చూశారు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని వెళ్ళిపోయారు.

సత్యశ్రీ ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. “అక్కా, ఇప్పుడు మీరు వేళ విప్పినా ఎవరింట్లోనూ దీపం తగ్గదండి.”

వీరవేణికి ఎక్కడలేని కోపం వచ్చింది. “విప్పుతానని నేనెవరితో అన్నానండీ? మీకెవరు చెప్పేరు?”

సత్యశ్రీ బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె పడవెక్కి వెళ్ళిపోయాక వీరవేణి నడవలో కూలబడింది. ఇన్నాళ్ళూ పిల్లల చదువులనుకుంది, వలలనుకుంది, రాఘవులు గారి టీవీ అనుకుంది. లంక తనని కట్టేసిందనుకుని లోలోపల లంకని తిట్టుకుంది. లంక వదిలేసింది ఇప్పుడు. అయినా తను లేవలేకపోతోంది. ఆ వెలుగు పోతే శివనాగరాజు తువ్వాలు చుట్టుకుంటూ గుమ్మంలో నిలబడిన ఆ పొద్దున్న కూడా పోతుందేమోనని భయం. ఆ భయాన్ని ఊరంతటి పనితో కప్పుకుని ఇన్నేళ్ళు గడిపింది.

సత్తెమ్మ దూరంగా కూర్చుని కంద చెక్కు తీస్తోంది. ఆవిడకి చూపు సగం పోయింది. తలెత్తకుండానే అంది.

“వేణీ, నాకో అనుమానం వస్తోందే.”

“ఏంటత్తా?”

“వాడు చీకటి పడేలోగా వస్తానన్నాడు కదా. మనింట్లో చీకటి పడనే లేదాయె. ఇంకా వేళుందిలే అని వాడు ఎక్కడో గాలి తగ్గేదాకా కూర్చుని ఉంటాడు. చిన్నప్పట్నుంచీ వాడికి తొందర తక్కువ. చివరిదాకా నాన్చి అప్పుడు పరిగెత్తుకొస్తాడు.”

వీరవేణి అత్తగారి వైపు చూసింది.

“విప్పొద్దని నేనే అన్నాను. నా కొడుకుని నేనే ఆపేసేనేమోనే,” అంది సత్తెమ్మ. కత్తిపీట పక్కకి పెట్టి చేతులు తుడుచుకుంది. “నాకు ఓపిక లేదు తల్లీ. వేళ విప్పి పిలిచెయ్.”

ఆ సాయంత్రం వీరవేణి కంద బచ్చలి వండింది. ఆవ కాస్త ఎక్కువ పెట్టింది. పొద్దు కొబ్బరితోటల వెనక్కి దిగుతుండగా రేవుకి వెళ్ళింది. ఎవరినీ పిలవలేదు గానీ ఎలా తెలిసిందో లంకంతా గట్టుమీద నిలబడి ఉంది. దుర్గమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. వీరవేణి మోకాలిలోతు నీళ్ళల్లోకి దిగి నిలబడింది.

“మీరు చెప్పిన వేళ విప్పేస్తున్నానండి,” అంది. రెండోసారి మాట తెగింది, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మూడోసారి చెప్పాక ఆచారంలో లేని మాట ఒకటి కలిపింది. “చీకటి పడిపోతోందండి. వచ్చేయండి.”

వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

ఇంట్లో వెలుగు మూలల్లోంచి తగ్గడం మొదలైంది. మొదట అటక కింద, తర్వాత మంచాల కింద. వీరవేణి నడవలో పీట వేసి, కంచం పెట్టి, అన్నం వడ్డించింది. సత్తెమ్మ గోడకి చేరగిలబడి గుమ్మం వైపు చెవి పెట్టింది. వెలుగు వాకిలి దాటి, పీట మీదా గడప మీదా మాత్రం మిగిలినప్పుడు, రేవులో పడవ గట్టుకి తగిలిన చప్పుడైంది. పడవ తోసే గెడ గోడకి చేరవేసిన చప్పుడైంది.

“చీకటి పడలేదు కదే?” అంటూ శివనాగరాజు గడప దాటి వచ్చాడు.

“లేదండి. ఇప్పుడే పడుతోంది,” అంది వీరవేణి.

ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నాడు. తలకి అదే తువ్వాలు. అతనికి వయసు పెరగలేదు, ఇప్పుడు ఆమె కన్నా చిన్నవాడిలా ఉన్నాడు. పీట మీద కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

“గాలి మరీ ఎక్కువైపోయిందే. తగ్గేదాకా ఆగాను.”

“పోన్లెండి. వచ్చేరు కదా.”

సత్తెమ్మ తడుముకుంటూ వచ్చి కొడుకు తలమీద చెయ్యి పెట్టింది. అతను తల వంచుకుని తింటున్నాడు, ఆకలిమీదున్న మనిషి తిన్నట్టు. “ఆవ బాగా పెట్టేవు,” అన్నాడు. చీకటి కంచం అంచుదాకా వచ్చింది. అతని చేతి మీదికి వచ్చింది. వీరవేణి కళ్ళార్పకుండా అతని మొహం చూస్తూనే ఉంది, ఆ మొహం మీదికి కూడా మెల్లగా వచ్చింది. ఆ తర్వాత నడవంతా చీకటి.

తన చెయ్యి తనకి కనబడని చీకటి. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో కీచురాయి అరిచింది.

అప్పుడు దూలానికున్న బల్బు దానంతటదే వెలిగింది. ఎక్కడో రెల్లులంకలో డొక్కలు కాలుతున్నాయి, తీసుకునే ఇళ్ళల్లో ఒక ఇంట్లో చీకటి పడిందని లాకుపెట్టె గమనించింది, అంతే. ఆ తెల్లటి వెలుగులో పీట ఖాళీగా ఉంది. కంచం కడిగినట్టు ఉంది. గడప నుంచి పీట దాకా తడికాళ్ళ గుర్తులు ఉన్నాయి, తిరిగి వెళ్ళినవి లేవు. సత్తెమ్మ తడిసిన అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“మాట నిలబెట్టుకున్నాడే,” అంది సత్తెమ్మ.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని గట్టిగా ఏడ్చారు. గట్టుమీద ఉన్నవాళ్ళకి ఆ ఏడుపు వినబడింది. ఎవరూ లోపలికి రాలేదు. ఏడుపు తీరాక వీరవేణి అత్తగారికి పక్క వేసింది, తనకి చాప పరుచుకుంది. బల్బు వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళి స్విచ్చి ఆపేసింది. చీకట్లో పడుకుంది.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చినా ఆమె లేవలేదు. రేవుకి పోయేవాళ్ళు ఆ ఇంటి ముందు మాటలు ఆపేసి నడిచారు. రాఘవులు గారు అరుగు మీద కూర్చుని, గట్టిగా మాట్లాడే పిల్లల్ని సైగతో పంపించేశారు. ఆయన టీవీ ఆ రోజు పెట్టలేదు.

పదకొండో రోజు చేయవలసినవన్నీ చేశారు. ఆ తర్వాత ఒక సాయంత్రం పొద్దు వాలే వేళకి వీరవేణి చిన్న సంచీ పట్టుకుని రేవుకి వచ్చింది. సత్తెమ్మని దుర్గమ్మ తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆ వేళప్పుడు వీరవేణి పడవెక్కడం లంకలో చాలామంది పిల్లలు ఎప్పుడూ చూడలేదు. వెనక ఇళ్ళల్లో బల్బులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, ఏదీ ఎర్రబడలేదు.

పడవ కదలబోతుంటే రాఘవులు గారు అలవాటుగా అడిగారు. “అన్నయ్య గారింటికేనా తల్లీ? వేళ చెప్పలేదు.”

“చెప్పనండి,” అంది వీరవేణి. “నిద్ర తీరేక వస్తాను.”

వేళ చెప్పకుండా ఆ రేవులో ఎవరూ పడవెక్కలేదు అంతవరకూ. రాఘవులు గారు నీళ్ళ అంచుదాకా దిగారు. పడవ సగం పాయ దాటాక, ఆమెకి వినబడేలా గట్టిగా అన్నారు.

“ఆయ్!”